సిమెంటు గోడకు మౌల్డింగ్ బద్దలు: తొలిసారి చేసేవారి కోసం సమగ్ర మార్గదర్శి

గోడ మీద సన్నని బద్దలతో దీర్ఘచతురస్రాకారపు చట్రాలు, వాటి మధ్య సమానమైన ఖాళీలు, గోడకూ బద్దలకూ ఒకే రంగు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఈ వాల్ మౌల్డింగ్ ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. చూడటానికి ఖరీదైన పనిలా ఉంటుంది కానీ, ఓపికగా కొలవగలిగినవారు ఒక గోడను సొంతంగా చేసుకోవచ్చు.

దీని గురించి ఇంటర్‌నెట్‌లో దొరికే వీడియోల్లో చాలావరకు అమెరికా ఇళ్లలో తీసినవి. అక్కడి గోడ అంటే నిలువు చెక్కల మీద బిగించిన జిప్సం పలక. మేకులు కొట్టే యంత్రం పట్టుకుని ఒక్కో బద్దనూ క్షణాల్లో దిగ్గొట్టేస్తారు. మన గోడ ఇటుకా, సిమెంటూ. ఆ సన్నని పిన్ను ఇక్కడ వంగిపోతుంది, లేకపోతే ప్లాస్టరింగ్‌ను పెచ్చుగా లేపుతుంది. మన దగ్గర బద్దను నిలబెట్టేది జిగురు. జిగురు నిలవాలంటే గోడ పైపొర గట్టిగా ఉండాలి. అందుకే ఇందులో రంపం కన్నా గోడకూ కొలతకూ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు గోడను పరీక్షించండి

మొదటిసారి ఒకే గోడ పెట్టుకోండి. సోఫా వెనక గోడ కానీ, పడకగదిలో తలవైపు గోడ కానీ సరిపోతుంది. కిటికీలు, అల్మారాలు, ఏసీ పైపులు ఉన్న గోడ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

గోడలో చెమ్మ ఉందేమో మొదట తేల్చుకోవాలి. అడుగు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ గోడ లోంచే వస్తోంది. గోడ అడుగున తెల్లని ఉప్పు పొర తేలినా, రంగు బుడగలుగా ఉబ్బినా అదే జబ్బు. స్నానాల గదికి అవతలివైపు ఉన్న గోడ, డాబా కింద కారిన మరక ఉన్న గోడ ముందు బాగుపడాలి. చెమ్మ మీద ఎంత ఖరీదైన జిగురు పెట్టినా, బద్దతో పాటు లప్పం కూడా ఊడి చేతిలోకి వస్తుంది.

తర్వాత రంగు పట్టును చూడండి. బ్లేడుతో గోడ మీద అంగుళం పొడవున రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు గీసి, వాటి మీద టేపు గట్టిగా నొక్కి ఒక్కసారిగా లాగండి. టేపుకు రంగు ముక్కలు అంటుకుంటే ఆ పొర నమ్మదగింది కాదు. బద్ద కూర్చునే చోట రంగును గోకి, గట్టి పొర దొరికేదాకా వెళ్లాలి. అరచేత్తో రుద్దితే తెల్లని పొడి అంటుకునే సున్నం, పొడి డిస్టెంపర్ గోడల మీద నేరుగా అతికించడం వృథా. ఆ పొర మొత్తం తీసి ప్రైమర్ పూసి, ఆరాక మొదలుపెట్టాలి. ఆయిల్ పెయింటు వేసిన గోడకు పట్టు బాగానే ఉంటుంది కానీ నునుపెక్కువ. బద్ద వచ్చే చోట 120 నంబరు సాండ్‌పేపరుతో మెరుపు పోయేలా రుద్దితే చాలు.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడకు కనీసం 28 రోజుల గడువు ఇవ్వండి. మేస్త్రీ తొందరపెట్టినా సరే.

ఏ బద్ద కొనాలి

దుకాణంలో నాలుగైదు రకాలు చూపిస్తారు. తొలిసారి చేసేవారికి నా ఓటు పాలీస్టైరీన్ బద్దకే. దుకాణాల్లో దీన్ని పీఎస్ మౌల్డింగ్ అంటారు. తేలిక కాబట్టి జిగురు ఒక్కటే దాన్ని మోయగలదు. చెదలు పట్టవు, నీటికి ఉబ్బదు, ఇనుప రంపంతో కూడా నున్నగా తెగుతుంది. దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి. గట్టిగా తగిలితే నొక్కు పడుతుంది. థిన్నర్ లాంటి ద్రావకాలు తగిలితే కరిగిపోతుంది. ఈ రెండోదాని గురించి జిగురు దగ్గర మళ్లీ చెబుతాను.

పాలీయూరెథేన్ బద్దలు ఇంకొంచెం దృఢంగా ఉంటాయి, పూలు, లతలు చెక్కినట్టుండే నమూనాలు వాటిలో స్పష్టంగా వస్తాయి, ధర ఎక్కువ. ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) బద్దకు అంచులు ముచ్చటగా ఉంటాయి కానీ కోసిన చోట నీరు తగిలితే ఉబ్బుతుంది. ఇల్లు తుడిచే నీళ్లు తగిలే ఎత్తులోనూ, విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు తేమలోనూ దాన్ని పెట్టాలంటే కోసిన ప్రతి అంచుకూ ప్రైమర్ పట్టించాల్సిందే. టేకు బీడింగు అందమైనదే, కానీ బరువుకు ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు కావాలి. అది వడ్రంగి పని. ఇక జిప్సంతో అచ్చుపోసే అలంకరణ పూర్తిగా వేరే విద్య. హైదరాబాద్‌లోని పైగా వంశపు నవాబుల సమాధుల గోడల మీద గచ్చుతో తీర్చిన అల్లికలను చూస్తే, తరాల తరబడి చేతుల్లో నిలిచిన ఆ నేర్పు ఒక ఆదివారంలో వచ్చేది కాదని తెలిసిపోతుంది.

వెడల్పు విషయంలో పొదుపు మేలు. 10 అడుగుల ఎత్తు గదిలో చట్రాలకు 2 నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు బద్ద చాలు. 5 సెంటీమీటర్ల బద్దతో చిన్న గదిలో చట్రాలు కడితే గోడ ఇరుకుగా కనిపిస్తుంది.

బద్దలు ఇంటికి తెచ్చాక ఒకటి రెండు రోజులు అదే గదిలో నేల మీద పడుకోబెట్టండి. పాలీస్టైరీన్ వేడికి సాగుతుంది. 2.4 మీటర్ల బద్దలో 20 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్ల మార్పు ఉంటుంది. ఎండలో నిలబెట్టిన ఆటో మీది నుంచి దించగానే కొలిచి కోస్తే, రాత్రికి మూలల్లో సందులు కనిపిస్తాయి. పడమటి ఎండ పడే గోడ అయితే ఉదయం పూట అతికించడం మంచిది.

సామాను

టేపు, పెన్సిలు, రసమట్టం, మూలమట్టం, సన్నని పళ్ల రంపం, 45 డిగ్రీల గాడులున్న మైటర్ బాక్సు, సందులు నింపే సీలెంటును పిండే తుపాకీ, కాగితపు మాస్కింగ్ టేపు, 120, 220 నంబర్ల సాండ్‌పేపరు, అంగుళం బ్రష్షు, చిన్న రోలరు, తడిగుడ్డ. గది పొడవునా ఒకే మట్టం పట్టడానికి తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం దొరికితే అంతకన్నా నమ్మకమైనది లేదు. లేజర్ మట్టం అద్దెకు దొరికినా సరే. ఎండీఎఫ్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎక్కడానికి కుర్చీ మీద స్టూలు వేయకండి, నిచ్చెన తెచ్చుకోండి.

జిగురు మాత్రం డబ్బా మీది రాతలు చదివి కొనాలి. నీటి ఆధారిత యాక్రిలిక్ జిగురు, లేదా ద్రావకం లేని హైబ్రిడ్ రకం కావాలి. చెప్పులకూ రెగ్జిన్‌కూ వాడే ఘాటు వాసన సింథటిక్ రబ్బరు జిగురు పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. అనుమానం ఉంటే ముక్క మీద చుక్క వేసి ఒక గంట చూడండి.

గోడ మీద లెక్క

ఈ అలంకరణ అందమంతా ఖాళీల్లో ఉంటుంది. చట్రం నమూనా ఎంత సాదాగా ఉన్నా, ఖాళీలన్నీ ఒకటే అయితే గోడ నిండుగా కనిపిస్తుంది. ఒక ఖాళీ 8, ఇంకోటి 11 సెంటీమీటర్లు అయితే, ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా చూసేవారికి ఏదో వెలితి తోస్తుంది.

లెక్క తేలికే. గోడ వెడల్పు లోంచి ఖాళీల మొత్తం తీసేసి, మిగిలినదాన్ని చట్రాల సంఖ్యతో భాగించండి. చట్రాల కన్నా ఖాళీలు ఒకటి ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే రెండు చివర్లా ఖాళీ వదలాలి. 360 సెంటీమీటర్ల గోడ మీద 10 సెంటీమీటర్ల ఖాళీలతో నాలుగు చట్రాలు కావాలనుకోండి. ఐదు ఖాళీలకు 50 పోతే 310 మిగులుతుంది. ఒక్కో చట్రం 77.5 సెంటీమీటర్లు.

ఎత్తు కూడా ఇలాగే. చాలామంది గోడ మీద నడుము ఎత్తున అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ పెట్టి, దాని పైనా కిందా చట్రాలు కడతారు. కుర్చీల వీపులు గోడకు రాసుకోకుండా ఐరోపా ఇళ్లలో పెట్టుకున్న పట్టీ ఇది. మనకు దాని అవసరం లేకపోయినా కంటికి ఆ విభజన బాగుంటుంది. 300 సెంటీమీటర్ల ఎత్తు గదిలో నేల అంచున స్కర్టింగ్ 10, పైన సీలింగు అంచున కార్నిస్ పట్టీ 10 సెంటీమీటర్లు ఉంటే, కింది చట్రం నేల నుంచి 20 దగ్గర మొదలై 75 దగ్గర ముగుస్తుంది. అడ్డపట్టీ 85 నుంచి 90 వరకు. పై చట్రం 100 నుంచి 280 వరకు. అంటే కింది చట్రం 55, పై చట్రం 180 సెంటీమీటర్ల ఎత్తు. అన్ని ఖాళీలూ 10.

ఇప్పుడు స్విచ్‌బోర్డు సంగతి. బోర్డు పూర్తిగా చట్రం లోపల ఉండాలి, లేదా పూర్తిగా బయట ఉండాలి. బద్ద బోర్డును తాకుతూ పోతే, దాన్ని ఒరుసుకుపోయేలా కోసి పెట్టినా, అతుకులేసిన పనిలాగే కనిపిస్తుంది. పై లెక్కలో మొదటి చట్రం 10 నుంచి 87.5 వరకు వస్తుంది. బోర్డు గోడ అంచు నుంచి 80, 95 సెంటీమీటర్ల మధ్య ఉంటే చట్రం గీత దాని మీదుగా పోతుంది. అప్పుడు చట్రాలు మూడు చేసి, ఖాళీలు 12 పెట్టి చూడండి. 360 లోంచి 48 పోగా 312, ఒక్కో చట్రం 104 సెంటీమీటర్లు. మొదటిది 12 నుంచి 116 వరకు వచ్చి బోర్డు హాయిగా లోపల కూర్చుంటుంది. పైనా కిందా ఖాళీలు కూడా 12కు మార్చాలి. సోఫా గోడ మధ్యలో ఉంటే మూడు చట్రాలే మేలు, నడిమి చట్రం సోఫా మీద సరిగ్గా నిలుస్తుంది.

గీసే ముందు కాగితపు టేపుతో ఒక చట్రాన్ని గోడ మీద అంటించి, గది అవతలి చివర నుంచి చూడండి. ఒక రాత్రి అలాగే ఉంచండి. ఇంట్లోవాళ్లందరూ ఎలాగూ అభిప్రాయం చెబుతారు, గోడకు జిగురు తగలకముందే చెప్పించుకోవడం మంచిది.

గీతలు గీయడానికి నేలనూ సీలింగునూ ఆధారం చేసుకోకండి, రెండూ మట్టంగా ఉంటాయన్న హామీ లేదు. అడ్డపట్టీ ఎత్తులో నీళ్ల గొట్టంతో రెండు చివర్లా గుర్తు పెట్టి, ఆ రెంటినీ కలుపుతూ ఒక గీత గీయండి. మిగతా కొలతలన్నీ ఆ గీత నుంచే పైకీ కిందికీ తీసుకోవాలి. నేల సెంటీమీటరు లోపు వాలితే పట్టించుకోనక్కర్లేదు, సోఫా దాన్ని దాచేస్తుంది. సీలింగు దగ్గర వాలు కళ్లకు కొడుతుంది కాబట్టి, తేడా అంతకు మించితే పై చట్రాల ఎత్తు కాస్త తగ్గించి పై ఖాళీని పెంచండి, ఖాళీ పెద్దదైతే వాలు తెలియదు. ప్రతి చట్రానికీ మూల నుంచి మూలకు ఐమూలగా రెండు కొలతలూ తీసి చూడండి. 77.5, 180 చట్రానికి రెండూ సుమారు 196 సెంటీమీటర్లు రావాలి. ఒకటి 195, ఇంకోటి 197 వస్తే చట్రం పక్కకు ఒరిగిందన్నమాట.

గోడలో కరెంటు పైపులు సాధారణంగా స్విచ్‌బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో కిందికో పోతాయి. ఆ దారిలో మేకు కానీ డ్రిల్లు కానీ పెట్టవద్దు. బోర్డు పలక విప్పాల్సి వస్తే ఆ గది కరెంటు ఎంసీబీ దగ్గర ఆపేయండి.

ఎన్ని బద్దలు కావాలి

మొత్తం పొడవును బద్ద పొడవుతో భాగిస్తే తప్పుడు లెక్క వస్తుంది, తునకలు ఎలా మిగులుతాయో చూడాలి. 8 అడుగుల బద్ద అంటే సుమారు 244 సెంటీమీటర్లు. మన ఉదాహరణలో ఒక 180 ముక్క, ఒక 55 ముక్క కలిపి 235, ఒకే బద్దలో వస్తాయి. నాలుగు పై చట్రాలకూ నాలుగు కింది చట్రాలకూ నిలువు ముక్కలు ఎనిమిదేసి, కాబట్టి 8 బద్దలు. అడ్డం ముక్కలు 16, ఒక్కోటి 77.5. ఒక బద్దలో మూడు వస్తాయి, అంటే 6 బద్దలు. మొత్తం 14, పొరపాట్లకు ఇంకో రెండు. 360 సెంటీమీటర్ల అడ్డపట్టీకి వెడల్పాటి బద్దలు రెండు. వాటి అతుకును నిలువుగా కాక ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి వాలేలా కలిపితే గీత కనిపించదు.

కోత

తొలిసారి చేసేవారు తికమక పడేది ఇక్కడే. ప్రతి చట్రపు ముక్కకూ రెండు చివర్లా 45 డిగ్రీల కోతలు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. బయటి అంచు పొడవు, లోపలి అంచు పొట్టి. కొలత ఎప్పుడూ పొడవు అంచు మీదే తీయాలి. బద్దకు రెండు అంచులూ ఒకే ఆకారంలో ఉండవు, ఒకటి మందం, ఒకటి పలచన. మందం అంచు చట్రం బయటికి రావాలని నిశ్చయించుకుంటే, అన్ని బద్దల వెనకవైపూ ఆ అంచు దగ్గర పెన్సిలుతో ‘బయట’ అని రాసేయండి. మైటర్ బాక్సులో ఆ అంచు ప్రతిసారీ మీకు అవతలి గోడకే ఆనాలి. ఈ ఒక్క అలవాటుతో సగం బద్దలు వృథా కాకుండా మిగులుతాయి.

అసలు ముక్కలు కోసే ముందు ఒక బద్ద చివర నుంచి అరచేయంత చట్రం ఒకటి చేయండి. నాలుగు ముక్కలూ నేల మీద కలిపి చూస్తే మైటర్ బాక్సు గాడి నిజంగా 45 డిగ్రీలు ఉందో లేదో తెలుస్తుంది. చవక ప్లాస్టిక్ బాక్సుల్లో గాడి వెడల్పుగా ఉండి రంపం ఊగుతుంది. అలాంటప్పుడు రంపాన్ని గాడి ఒక పక్కకే ఆనించి కోస్తే కోతలన్నీ ఒకేలా వస్తాయి.

రంపాన్ని నొక్కకండి. మొదటి రెండు మూడు లాగుళ్లు వెనక్కి మాత్రమే లాగి గాడి పడనివ్వండి, తర్వాత రంపం తన బరువుతోనే దిగుతుంది. బద్దను ఎడమచేత్తో బాక్సు అడుక్కు అదిమి పట్టకపోతే చివరి క్షణంలో లేచి అంచు చిట్లుతుంది. ఒకే కొలత ముక్కలన్నీ ఒకేసారి కోయండి. మొదటి ముక్కను కొలిచి, మిగతావాటిని దాన్ని చూసి గుర్తు పెట్టండి. ఎదురెదురు ముక్కలు రెంటినీ వీపులు కలిపి పట్టుకుంటే వేలితో తడిమినా తేడా తెలిసిపోతుంది. గోడ మీది గీత ఏం చెప్పినా, ఎదురెదురు ముక్కలు సమానంగా ఉంటేనే మూలలు మూసుకుంటాయి.

అడ్డపట్టీని గది మూల దాటించి పక్క గోడకు తిప్పాలనుకుంటే, గది మూలలు కచ్చితంగా 90 డిగ్రీలు ఉండవు కాబట్టి 45 కోతలు కలవవు. తొలిసారికి ఆ ఆలోచన మానుకుని పట్టీని మూల దగ్గరే ఆపేయండి.

అతికించడం

బద్ద కూర్చునే గీత వెంబడి గోడను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బద్ద వెనక జిగురును పాములా వంకర టింకరగా పెట్టండి, అంచులకు 5 మిల్లీమీటర్లు ఇవతలే ఆపండి. ఎక్కువ పెడితే పట్టు పెరగదు, పక్కలకు పొంగి తుడవడానికే సమయం పోతుంది.

ప్రతి చట్రంలోనూ పై అడ్డముక్క ముందు. రసమట్టం ఆనించి, గీత మీద కూర్చోబెట్టి, ఒక చివర నుంచి రెండో చివరకు నొక్కుకుంటూ పోండి. ప్రతి 30, 40 సెంటీమీటర్లకూ మాస్కింగ్ టేపు అడ్డంగా వేసి పట్టి ఉంచండి. తర్వాత రెండు నిలువు ముక్కలు, చివర కింది ముక్క. ప్రతి మూలలో కోత ముఖానికి కూడా ఒక చుక్క జిగురు రాయాలి, వేసవిలో మూలలు విచ్చుకోకుండా ఆపేది అదే. కింది చట్రాలు చిన్నవి కాబట్టి నేల మీదే నాలుగు ముక్కలూ కలిపి, ఆరాక ఎత్తి అతికించవచ్చు. పై చట్రాలను మాత్రం గోడ మీదే ముక్కముక్కగా కట్టాలి, 180 సెంటీమీటర్ల చట్రాన్ని ఎత్తేటప్పుడు మెలి తిరిగి మూలలు విడిపోతాయి.

గోడ మధ్యలో గుంట ఉంటే బద్ద అక్కడ గోడను అంటదు. బలవంతంగా నొక్కి అంటించకండి, చేయి తీయగానే లేస్తుంది. అలా గాలిలో తేలనిచ్చి వెనక సందును తర్వాత సీలెంటుతో నింపడమే సరైన పని. టేపును ఒక రోజు దాకా ఊడదీయకండి.

అమెరికాలో ఉండే తెలుగువారికి ఈ భాగం మారుతుంది. అక్కడి జిప్సం గోడల వెనక నిలువు చెక్కలు సాధారణంగా 16 అంగుళాల దూరంలో ఉంటాయి. వాటిని కనిపెట్టే చిన్న పరికరంతో గుర్తులు పెట్టుకుని, చెక్క ఉన్న చోట మేకులు, లేని చోట జిగురు వాడుకోవచ్చు. అద్దె ఇల్లయితే జిగురు పెట్టే ముందు ఒప్పందం చదవండి, ఊడదీసేటప్పుడు జిప్సం పలక మీది కాగితం కూడా చిరిగి వస్తుంది.

సందులు, లప్పం, రంగు

బద్దలు అతికించిన మర్నాడు గోడను చూస్తే నిరుత్సాహం కలగవచ్చు. మూలల్లో సన్నని సందులు, అంచుల వెంట నీడలు. ఇది మామూలే. వృత్తిగా చేసేవారి పని కూడా ఈ దశలో ఇలాగే ఉంటుంది.

బద్దకూ గోడకూ మధ్య సందుకు యాక్రిలిక్ సీలెంటు వాడండి. సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు, ఒకసారి పూశాక పూర్తిగా గీకడమూ కష్టమే. గొట్టం మూతిని 3 మిల్లీమీటర్లకు మించకుండా ఏటవాలుగా కోసి, అంచు వెంట సన్నని తీగలా పెట్టి, తడి వేలితో ఒక్క లాగులో సర్దండి. వేలిని మధ్యలో ఆపిన ప్రతిచోటా గడ్డ కడుతుంది. మీటరు పొడవు పూసి, సర్ది, తర్వాత ముందుకు వెళ్లండి. మొత్తం చట్రం ఒకేసారి పూస్తే చివరికి వచ్చేసరికి మొదలు ఆరిపోతుంది.

మూలల కోతల్లో సందులకు సీలెంటు కన్నా యాక్రిలిక్ లప్పం బాగుంటుంది, ఆరాక 220 నంబరు సాండ్‌పేపరుతో పదునైన మూల తీయవచ్చు. సిమెంటు లప్పం ఇక్కడ పెళుసుగా రాలుతుంది. సాండ్‌పేపరును చిన్న చెక్కముక్కకు చుట్టి రుద్దండి, వేలితో రుద్దితే బద్ద వంపులు చదునైపోతాయి.

ఆరడానికి ఒక రోజు ఇచ్చి, రాత్రి లైట్లు ఆపి టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుతురు కొట్టండి. పగలు కనిపించని ప్రతి గుంటా, ప్రతి గడ్డా నీడ వేస్తుంది. పెన్సిలుతో చిన్న గుండ్రాలు చుట్టుకుని మర్నాడు సరిచేయండి. రంగు పడ్డాక ఈ పని చేయాలంటే రెట్టింపు శ్రమ.

రంగుకు నీటి ఆధారిత ప్రైమర్ ఒక పూత, ఎమల్షన్ రెండు పూతలు. పాలీస్టైరీన్ మీద థిన్నర్ కలిపే ఎనామిల్ ప్రైమర్ వాడకూడదు. ముందు బ్రష్షుతో బద్దల వంపుల్లో, అంచుల్లో పూసి, ఆ తడి ఆరకముందే చదునుగా ఉన్న గోడ మీద రోలరు నడపండి. బ్రష్షు గీతలూ రోలరు మచ్చలూ కలిసిపోతాయి. వంపుల్లో రంగు పేరుకుని కారకుండా, రెండు నిమిషాల తర్వాత పొడి బ్రష్షుతో ఒకసారి తేల్చాలి.

రంగు ఎంపికలో నా పట్టుదల ఒకటే, గోడకూ బద్దకూ ఒకే రంగు. చట్రాలను నీడలే చూపిస్తాయి, వేరే రంగు అవసరం లేదు. బద్దలకు బంగారు రంగు పూస్తే ఇల్లు కల్యాణమండపం అవుతుంది. పైగా వేరు రంగు వేస్తే అంచు వెంట సరళరేఖ తీయాలి, అది తొలిసారి బ్రష్షు పట్టినవారికి దక్కేది కాదు. మెరుపు తక్కువ రకం తీసుకోండి, మెరిసే రంగు గోడలోని ప్రతి ఎగుడుదిగుడునూ చాటుతుంది.

మిగిలిన బద్ద తునకల్లో పొడవైనవి రెండు దాచండి, మంచం తగిలో పిల్లల సైకిలు తగిలో ఎక్కడో నొక్కు పడుతుంది. రంగు కూడా చిన్న సీసాలో పోసి, మూత మీద షేడ్ నంబరూ కొన్న తేదీ రాసి పెట్టండి. బూజు దులిపేటప్పుడు చట్రాల కింది ముక్కల పై అంచు మీద దుమ్ము పేరుకుంటుంది కాబట్టి, నెలకొకసారి మెత్తని బ్రష్షుతో అక్కడ ఒక్క తుడుపు చాలు. తడిగుడ్డ వాడాలంటే రంగు వేసి నెల దాటాక వాడండి.